మేడ మాయమైన ఫోటో

ఇంత చిన్న సంగతికి పోస్టు దేనికని ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ మనసు ఊరుకోలేదు.

సాయంత్రం నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడ ముందు మా ఆవిడ సత్తెమ్మను నిలబెట్టాను. ఫోటోల్లో ముఖం నల్లగా వస్తోందని ఆమె కెమెరా ముందుకు రావడమే మానేసింది. తప్పు ముఖానిది కాదు. వెనకాల మెరుపు ఎక్కువుంటే కెమెరా దాన్ని చూసి మొత్తం వెలుగు తగ్గించేస్తుంది. (ఇదంతా నాకు నేనే నేర్చుకున్నాను. రేడియో బాగుచేయడం కూడా అలాగే నేర్చుకున్నాను, ఆ రేడియో మాత్రం ఇప్పటికీ పలకదు.) ఈసారి మీటరింగ్‌ను స్పాట్‌కు మార్చి, అంటే చుట్టూ ఉన్నదంతా వదిలేసి ఆమె ముఖం మీది వెలుగునే కొలిచేలా పెట్టి తీశాను.

సత్తెమ్మ కెమెరా తెర చూసింది. "ఏందయ్యా, గంత పెద్ద బిల్డింగ్ ఏడ వోయింది?"

"తెల్లగ వెలిసిపోయింది. నువ్వు మిగిలినవ్."

"పోనీ తియ్. గిదే మంచిగుంది."

ఇన్నేళ్ల తర్వాత నన్ను నమ్మి మళ్లీ నిలబడినందుకు ఆమెకు థాంక్స్ చెప్పాలి. ఎదురుగా చెబితే నవ్వుతుంది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. ఫోటో అనగానే ముఖం తిప్పుకునేవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా? వాళ్లను ఎలా ఒప్పిస్తారో చెప్పండి.

ఇంటికొచ్చాక ఆమె తన డీపీలో ఉన్న గులాబీ పువ్వు తీసేసి ఈ ఫోటో పెట్టుకుంది.