అదాలత్‌కెక్కిన రంగి వంశం

ఆ రోజుల్లో మా పాలవాళ్ళ ఇళ్ళలో ఆడపిల్లకు అక్షరాలు ఎందుకు నేర్పలేదని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు జవాబు తోచదు. ఎవరూ వద్దనలేదు. తెల్లవారకముందే పాలు పితకాలి, ఎండెక్కేలోపు ఇళ్ళకు పోసి రావాలి, ఆ తర్వాత బర్రెలను మూసీకి తోలుకుపోవాలి, సాయంత్రం మళ్ళీ పితకాలి. ఈ పనుల మధ్య బడిని ఎక్కడ ఇరికించాలో ఎవరికీ తెలియలేదు, అంతే. అరవై దాటి, ఇంట్లో బర్రెలు లేక చేతులు ఊరికే ఉన్న కాలంలో మా చిన్నకోడలు పలక తెచ్చి దిద్దించింది. (బలపాన్ని పొదుగు పట్టినట్టు పట్టేదాన్నని ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.) నేర్చుకున్నాక కూడా రాయడానికి ఏముందని ఊరుకున్నాను. మొన్న కోడలి మేనకోడలు వచ్చి, నా చిన్ననాటి సంగతి నాకే చదివి వినిపించేదాకా.

ఆ పిల్ల పట్నం ఎట్లా పెరిగిందో తెలుసుకోవడానికి పాత అదాలత్ కాగితాలు చదువుతోంది. జనం సుఖంగా ఉన్నప్పుడు ఏమీ రాయించరట, కొట్లాడుకున్నప్పుడు మాత్రం బావి ఎక్కడుంది, గోడ ఎవరిది, చెట్టు ఎప్పుడు కొట్టారు అన్నీ రాయిస్తారట. ఆ కట్టల్లో మా బాపు వేసిన దావా దొరికింది. అంతా ఉర్దూ. ఆమె మా అరుగు మీద కూర్చుని ఒక్కో ముక్కా తెలుగులో చెబుతూ పోయింది, నేను విన్నాను. మొత్తం సరిగ్గానే ఉంది. కొన్ని చోట్ల మాత్రం జరిగినదానికన్నా మర్యాదగా ఉంది.

మా ఇల్లు ధూల్‌పేట్ వెనక గల్లీలో, కాస్త ఎత్తు మీద ఉండేది. అక్కడి నుంచి మూసీ ఒడ్డుకు దిగే దారి ఒకటుంది. ఆ దారి పక్కన దఫ్తర్‌లో పనిచేసే మున్షీ ఒకాయన జాగా కొని ఇల్లు కట్టుకున్నాడు. మంచివాడే. మా దగ్గరే పాలు పోయించుకునేవాడు. కానీ తాను కొన్న కాగితంలో దారి అన్న మాటే లేదని, ఒకరోజు దారికి అడ్డంగా గోడ పెట్టించాడు. బాపు వెళ్ళి, ఇది తాతల నాటి దారి, కావాలంటే నేల మీద పేడ చూసుకోమన్నాడు. ఆయన దగ్గర కాగితముంది, మా దగ్గర పేడ ఉంది. బర్రెలను చుట్టూ తిప్పి పెద్ద సడక్ మీద తోలుకుపోవాల్సి వచ్చింది. అక్కడ మోటార్లు, టాంగాలు. అడ్డమొస్తే సర్కారు మనుషులు పట్టుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవాళ్ళు. ఒకసారి విడిపించుకొచ్చాక బాపు అన్నం ముందు కూర్చుని, "దావ తెర్వకుంటె బర్రెలనమ్ముడే," అన్నాడు. (మా మాటలో దావ అంటే దారి.) ఆ పూట ఇంట్లో ఎవరూ తినలేదు. మర్నాడు వకీలును వెతుక్కుంటూ పోయాడు.

సాక్షులం ఇద్దరం, అవ్వా నేనూ. అవ్వ అంటే బాపు తల్లి. ఆమెకు కోపమొస్తే బర్రెలు కూడా నెమరు ఆపేవని గల్లీలో చెప్పుకునేవాళ్ళు. నన్ను ముందు నిలబెట్టారు. (కాగితంలో నా వయసు 'దాదాపు పదేళ్ళు' అని ఉందట. రాసేవాడు నన్ను పైనుంచి కిందికి చూసి వేసుకున్న లెక్క అది. నేను పొట్టిదాన్ని.) ఈ దారిలో ఎప్పటి నుంచి తోలుతున్నావని మున్షీ తరఫు వకీలు అడిగాడు. రంగి తొలి ఈత నుంచి అన్నాను. మా ఇంట్లో ఏళ్ళ లెక్క ఉండేది కాదు, ఏ బర్రె ఎన్నోసారి ఈనిందన్న ఈతల లెక్కే. పెళ్ళిళ్ళు, చావులు, అప్పులు అన్నీ ఏదో ఒక బర్రె ఏదో ఒక ఈతకు ముందో వెనకో జరిగేవి. రంగి ఎవరని జడ్జిసాబ్ అడిగాడు. మా బర్రె అని చెప్పాను. ఆయన తలాడించాడు, అది కూడా రాశారు.

తర్వాత అవ్వ వచ్చింది. వకీలు అదే ప్రశ్న వేశాడు. ఆయన కూడా ఈ పట్నంలో పెరిగినవాడే, తెలుగు బాగానే వచ్చు. అవ్వ కొంగు సర్దుకుని, "నేను కొత్తకోడలిగ కాపురానికొచ్చిన మర్నాడే మా అత్త రంగి పలుపు నా చేతులవెట్టి ఏటికి తోల్కపొమ్మన్నది. గా దావలనే పోయిన," అంది.

"ఏ రంగి? నీ మనుమరాలు చెప్పిన రంగేనా?"

"ఇంకే రంగి ఉంటది? రంగే."

వకీలు ముఖం వెలిగిపోయింది. అవ్వ కాపురానికొచ్చి ఎన్నాళ్ళయిందో నిదానంగా అడిగి రాబట్టి, ఈ లెక్కన ఆ బర్రెకు యాభై ఏళ్ళకు తక్కువ ఉండవని, అది ఇంకా పాలిస్తోందని, అలాంటి బర్రెను వింత వస్తువులు దాచే అజాయబ్ ఘర్‌లో పెట్టాలి గాని మూసీకి తోలకూడదని జడ్జిసాబ్‌కు ఉర్దూలో విన్నవించాడు. అందరూ నవ్వారు. మేం నవ్వలేదు, ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక. మా ఇంట్లో రంగి ముసలిదై పోతే దాని బిడ్డకు అదే పేరు వస్తుంది. ఇంట్లో రంగి అనేది లేకుండా పాలు నిలవవని మా నమ్మకం. ఇది విడిగా చెప్పాల్సిన సంగతని మాకెవరికీ తట్టలేదు. పొద్దున వచ్చిన సూర్యుడు నిన్నటివాడేనా కాదా అని ఎవరైనా చెబుతారా? జడ్జిసాబ్ మాత్రం నవ్వు ఆపి, సాక్ష్యం అబద్ధమని తేలితే దావా కొట్టేస్తానని హెచ్చరించాడు. బాపు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

అవ్వకు కోపం వచ్చింది. "నేనెందుకు అబద్ధమాడుత సర్కార్? ఒక రంగి పోతది, దాని బిడ్డ రంగైతది. గద్దె మీద నిజాం సర్కార్ పోతె కొడుకు కూసుంటడు. ఆయనను గూడ నిజామనే అంటం. గప్పుడు వయసు లెక్కగట్టి ఎవ్వలన్న నవ్వుతరా?"

మా వకీలు బల్ల కింద ఏదో వెతకడం మొదలుపెట్టాడు. (ఏమీ పడిపోలేదు.) జడ్జిసాబ్ జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక రాసేవాడి వైపు తిరిగి, ఇది రాయనవసరం లేదని చెప్పాడు. ఆ చోట కాగితంలో 'గవాహ్ ఒక ఉదాహరణ చెప్పింది' అని మాత్రమే ఉందట, గవాహ్ అంటే సాక్షి. ఆ ఉదాహరణ ఏమిటో తెలియక ఆ పిల్ల ఎన్నో రోజులు తల బద్దలుకొట్టుకుందట.

మున్షీ వకీలు అక్కడితో ఆగి ఉంటే గోడ నిలిచేది. ఆయన ఆగలేదు. అయితే రంగి పేరుతో మొత్తం ఎన్ని బర్రెలో, ఎవరి కాలంలో అక్కడ ఏముందో చెప్పమని అవ్వను నిలదీశాడు, ఎక్కడో తడబడుతుందని. అవ్వ వేళ్ళు ముడిచి చెప్పింది. మొదటి రంగి నాడు ఇల్లూ లేదు, వాకిలీ లేదు, సీతాఫలం పొదలే, ఏటి ఇసుకకు వచ్చే బండ్లే. రెండో రంగి నాడు మూసీకి తుగ్యాని, ఆ పెద్ద వరద, వచ్చింది. ఇళ్ళు పోయినవాళ్ళు ఆ దారినే పైకెక్కి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. తర్వాత ప్లేగు వచ్చి గల్లీ మొత్తం ఖాళీ అయి ఊరి బయట డేరాల్లో ఉంటే, దారిలో తిరిగింది రంగి ఒక్కతే. మూడో రంగి నాడు నల్లా నీళ్ళొచ్చాయి, సడక్ మీద దీపాలొచ్చాయి. నాలుగో రంగి రెండో ఈతప్పుడు మున్షీసాబ్ పునాది తవ్వించాడు. "గా మట్టి తట్టలు గూడ గీ దావలనే మోసిన్రు. అడుగున్రి ఆయననే," అని మున్షీ వైపు చూసింది. ఆయన పాపం అబద్ధమాడడం చేతకాక తల వంచుకున్నాడు. దారి ఇంటికన్నా పాతదని మా వకీలు నిరూపించాల్సింది, వాళ్ళ వకీలే నిరూపించి కూర్చున్నాడు. ఈ పేజీ చదువుతుంటే ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. మా మొహల్లా పెరిగిన వరుస ఇంత బాగా చెప్పిన కాగితం తనకు ఇంకెక్కడా దొరకలేదట.

తీర్పు మాకే వచ్చింది. బర్రెలు పోయేంత మేర గోడ తీసెయ్యాలని. మున్షీ ఆ సాయంత్రమే మేస్త్రీని పిలిపించి పడగొట్టించాడు. అదాలత్ కాగితం అక్కడితో అయిపోయింది. ఇంకేమైనా ఉందా అని అడిగితే ఆ పిల్ల లేదంది.

మర్నాడు పొద్దున నేను తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి లంగా కట్టుకుని బర్రెలను తోలుకొచ్చాను. గల్లీవాళ్ళు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు. రంగి గోడ సందు దాకా వచ్చింది, ఆగింది, సడక్ వైపు తిరిగింది. దావా నడిచిన అన్ని నెలలూ సడక్ మీద పండ్లమ్మే మేవాఫరోష్ పారేసే అరటి తొక్కలు, ఖర్బూజా ముక్కలు తిని దానికి ఆ దారే రుచించింది. పలుపు పట్టి లాగాను, కదల్లేదు. వెనకనుంచి నెట్టాను, తోకతో నా ముఖం తుడిచింది. మున్షీ తన వాకిట్లో నిలబడి కాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి రొట్టె ముక్క తెచ్చి, విరిగిన ఇటుకల మీద నుంచి దిగి రంగి మూతి ముందు పట్టుకున్నాడు.

"దీనికోసం నా గోడ పోయె బేటీ," అన్నాడు. "ఇది పోకపోతె నాకెట్ల? నువ్వెనకకెల్లి నూకు, నేనిటు గుంజుత."

ఆయన ముందు నుంచి రొట్టె చూపిస్తూ వెనక్కి నడిచాడు. నేను, పట్నం చరిత్రకు సాక్షినని తెలియని ఆ పొట్టి పిల్లను, నా మంచి లంగాకు పేడ అంటుకుంటున్నా పట్టించుకోకుండా, రెండు అరచేతులూ రంగి నడుముకు ఆనించి, కళ్ళు మూసుకుని, నెట్టాను.