నీళ్ళు చూస్తే నొప్పెట్టే చెవి

మా బావకు చెవినొప్పి. మామూలుది కాదు. పగడపు దిబ్బల దగ్గర పడవ ఆగి, జనం సిలిండర్లు వీపుకు తగిలించుకుని, ఇక దూకడమే తరువాయి అన్న శుభముహూర్తంలో మాత్రమే పుట్టే నొప్పి. వృత్తిరీత్యా ఆయన జనాన్ని సముద్రం అడుక్కి తీసుకెళ్ళి చేపలను చూపించే గైడు. నేను ఆయన బావమరిదిని, ఆ పడవ నడిపేవాణ్ణి. కనుక ఆ చెవి చరిత్ర రాయడానికి నాకున్న అర్హత మరొకరికి లేదు.

చెవినొప్పితో నీళ్ళలోకి దిగరాదన్నది ఈ వృత్తిలో వేదవాక్యం. గైడు దిగకపోతే ఎవరూ దిగరాదన్నది రెండోది. కాబట్టి బావ "అబ్బా!" అన్నాడంటే నేను పడవ వెనక్కి తిప్పడమే.

మా అక్క ఆయన్ని చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు లైటు వేసి రెండు వైపులా తొంగిచూశాడు.

"ఇంత చక్కటి చెవులు నా సర్వీసులో చూళ్ళేదమ్మా."

"మరి నేను పిలిస్తే పలకరేమండీ?"

"దానికి మందు లేదమ్మా. నాకూ ఉంది."

పడవ ఓనరమ్మకు మాత్రం ఓపిక నశించింది. "ఇంకొక్కసారి నొప్పన్నావో, నువ్వూ నీ చెవీ వేరే పడవ చూసుకోండి" అంది. ఈ తీరంలో వేరే పడవ లేదు.

మర్నాడు ఎక్కినవాళ్ళు ఇద్దరే. ఒక కొత్త అల్లుడు, రిటైరైన పోలీసు అయిన ఆయన మామగారు.

"అల్లుడుగారూ, భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి. మొహమాటపడకండి" అన్నాడు మామగారు. రేవు దాటేసరికి ఆయన మాటల్లోనే వరదలో రెండు నదులు ఈదేశాడు. సగం దూరంలో ఒక మొసలిని మందలించి పంపేశాడు.

దిబ్బల దగ్గర లంగరు వేశాను. పడవ అంచున కూర్చోగానే మామగారి మాట ఆగిపోయింది. గాలి గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళద్దాలు లోపలినుంచి ఆవిరిపట్టాయి.

"మీరు ముందా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు, పాపం, భక్తిగా.

బావ ఆయన వైపు చూశాడు. నా వైపు చూశాడు. వద్దు బావా, వద్దని తల అడ్డంగా ఊపాను.

"అబ్బా! చెవి!" అన్నాడు బావ.

మామగారికి ప్రాణం లేచొచ్చింది. "ఏమిటయ్యా ఇది! ఇంత పిరికి గైడా? నేను దూకబోతుంటేనా?" అని ఒడ్డుదాకా దులిపేశాడు. బావ చెవి పట్టుకుని "తప్పేనండీ" అంటూ వచ్చాడు.

రేవులోనే కాచుకుని ఉన్న ఓనరమ్మ అందరి ముందూ తీర్పు చెప్పేసింది. "రేపొచ్చి నీ సామాను తీసుకుపో."

మామగారి తిట్టు సగంలో ఆగిపోయింది.

"నీకేమైనా బుద్ధుందా బావా?" అన్నాను ఇంటిదారిలో.

"భయపడ్డవాణ్ణి దింపితే ప్రమాదం. భయమని అతనిచేత చెప్పిస్తే అవమానం. నా చెవికి ఆ రెండూ లేవురా."

మర్నాడు ఉదయం ఓనరమ్మ ఆఫీసులో బావ తన కాళ్ళకు తొడిగే రబ్బరు రెక్కలు సంచిలో కుక్కుకుంటుంటే మామగారు ఒక్కడే వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, ఓనరమ్మ ముందు నిందితుడిలా నిలబడ్డాడు.

"అమ్మా, ఆయనకు నొప్పి లేదు. నాకు భయం ఉంది. నా పరువు కోసం ఉద్యోగం పోగొట్టుకోమని నేనాయన్ని అడగలేదు." గొంతు తగ్గించాడు. "నడుం లోతులో ఏమైనా నేర్పిస్తాడేమో కనుక్కుందామని... మా అల్లుడికి తెలియకుండా."

"అయితే ఇన్నాళ్ళూ..." అని ఓనరమ్మ బావ వైపు తిరిగింది. బావ సంచి జిప్పును పరిశోధిస్తున్నాడు.

ఆమె సంచిలోంచి ఒక రెక్కను బయటికి లాగింది. "ఆ రెక్కలు ఉన్నచోట పెట్టెయ్" అంది.

ఆ వారం సెలవు రోజున నేనూ బావా పడవ కడుగుతున్నాం. పడవ కొన్ననాటి నుంచీ ఒడ్డునే నిలబడి మమ్మల్ని గదమాయించిన ఓనరమ్మ, చంకలో తువ్వాలుతో వచ్చింది.

"నడుం లోతంటే నీ నడుమా, నా నడుమా?" అంది బావతో.

"మీదేనండీ."

"నువ్వేం చూస్తున్నావ్? అటు తిరుగు!" అంది నాతో.

తిరిగాను. వెనక ముందొక కేక, తరువాత పెద్ద చప్పుడు, కాసేపటికి నవ్వు వినిపించాయి. ఎవరివో నేను చూడలేదు.