రెండు తాటి దుంగల కొలతకి చేసిన రంపం బండి

బడికి నేను వెళ్ళిందల్లా బల్లలు బాగుచెయ్యడానికే. చదవడం, మేకులు పొట్లం కట్టిచ్చిన పాత పేపర్లు నేర్పాయి. లెక్కలు చెక్క నేర్పింది. చెక్క మార్కులు తగ్గించదు. దూలం జానెడు పొట్టిదైపోయి గోడకి అందకుండా ఉండిపోతుంది, అంతే. అందుకే ఎవరైనా నాకు కొలతలు చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. ఈ మంటకి మందు లేదని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే తేల్చేసింది.

ఏడాది కిందట నాకు హెర్నియా ఆపరేషన్ చేశారు. "ఇక బరువులెత్తకండి" అన్నారు డాక్టరు గారు, చాలా సులువుగా. వడ్రంగులు దూదితో తలుపులు చేస్తారనుకున్నారేమో. నా కరెంటు రంపం, దాని ఇనప బల్ల, మోటారు అన్నీ కలిపితే ఇద్దరు మోసే బరువు. అది ఇంట్లో ఉంటే నాకు పని లేదు. ఎందుకంటే మా వైపు జనం తమ కలపని తమ కళ్ళముందే కోయించుకుంటారు. మిల్లుకి పంపిన టేకే తిరిగొస్తుందని నమ్మేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

"ఆ మిషను అమ్మేసి అరుగు మీద కూర్చోండి," అంది మా ఆవిడ. "వచ్చేపోయేవాళ్ళని తిట్టుకుంటా ఉంటే పొద్దుపోద్ది."

అలా కూర్చునే రోజు వచ్చేసిందేమోనని నాకూ లోపల భయంగానే ఉంది. సరిగ్గా అప్పుడే, గట్టు కింది చర్చి సంఘపెద్ద గారు వచ్చారు. వాళ్ళు గుడి అనే ఆ పాత చర్చికి పైకప్పు విప్పి స్లాబు వేశారు. దింపిన టేకు దూలాలతో కూర్చునే బల్లలు చేయించాలట.

"మిల్లులో కోయించి పట్రండి, ఇక్కడ చేసిపెడతాను," అన్నాను.

"అమ్మో! ఆ దూలాలు కాంపౌండు దాటవండి. మా నాయనమ్మలు ఎసట్లో బియ్యం పోసినప్పుడల్లా పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆ బియ్యంతో కొన్న టేకండి అది. రంపమే అక్కడికి రావాలి. లేదంటే ప్లాస్టిక్ కుర్చీలేనండి."

నేను ఆ సంఘంలోవాణ్ణి కాను. అయినా పిడికిళ్ళతో కొన్న టేకు ప్లాస్టిక్ కుర్చీ ముందు ఓడిపోతుంటే చూడలేకపోయాను. "రంపం వస్తుంది" అనేశాను. మాట ఇచ్చాక ఆలోచించడం నా పద్ధతి.

ఆలోచిస్తే నవ్వొచ్చింది. నా పదిహేనో ఏట రంపమే ఇళ్ళకి వెళ్ళేది. గోతి మీద దుంగ పెట్టి, పైన ఒకడు, గోతిలో ఒకడు నిలబడి లాగేవాళ్ళం. నేను గోతిలోవాణ్ణి. రంపప్పొట్టంతా నా కళ్ళలోకే. లోకం ఇంత ముందుకెళ్ళాక మళ్ళీ రంపాన్నే ఊరేగించాలి, కాకపోతే ఈసారి చక్రాల మీద.

కష్టమంతా దారిలో ఉంది. గట్టు రోడ్డు దిగాక, చర్చికి ముందు చిన్న పంటకాలవ అడ్డం. దాని మీద వంతెన అంటే, చీల్చి పరిచిన రెండు తాటి దుంగలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో నా కాలు ఒకసారి, సైకిలు రెండుసార్లు దిగబడ్డాయి. తూము వెయ్యండి మహాప్రభో అని నేను రాసిన అర్జీలు పేరిస్తే, వాటి మీదే నడిచి కాలవ దాటొచ్చు. ఒక్కదానికీ జవాబు లేదు. కాబట్టి నా డిజైను మొత్తానికీ పునాది ఒకటే: ప్రపంచంలో ఏది మారినా ఆ దుంగలు మారవు. ఒక్కో దుంగ మీద ఒక్కో చక్రం నడవాలి. దారం పట్టుకెళ్ళి, ఈ దుంగ నడిమి నుంచి ఆ దుంగ నడిమికి కొలిచి ముడేసుకొచ్చాను. మూరెడు.

సెంటర్లో గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డరు నన్ను బాబాయ్ గారంటాడు. పాత క్యాలెండరు వెనక నేను గీసిన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ముందేదండి, వెనకేదండి?"

"చదువుకున్నోడివి, నీకే తెలియాలి."

రంపం బల్లని పైన బిగించడానికి ఇనప యాంగిల్స్‌తో ఫ్రేము, తుక్కు కొట్లో ఏరిన రెండు మోపెడ్ చక్రాలు, ఆగినచోట దించడానికి మడత కాళ్ళు నాలుగు. అన్నీ కుదిరాయి. చక్రాల దగ్గరికొచ్చేసరికి అతను నా దారం పక్కన పడేసి, ఇరుసుని రెండున్నర అడుగుల వెడల్పున అంటించేశాడు.

"ఇదేంటి?"

"పైన బల్ల అంత వెడల్పుంది కదండి. కింద మూరెడంటే పడిపోద్దండి బాబాయ్ గారూ."

"పడిపోవడానికి నీ గేటనుకున్నావా? కొయ్యి."

"రేపు నన్నంటారండి."

"నిన్ను ఇవాళే అంటున్నాను. కొయ్యి."

ఇరుసు రెండు కొసలూ కోసేశాడు. నిప్పురవ్వలు నా వైపు కొంచెం ఎక్కువే ఎగిరాయి.

వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు కట్టేసి కాలవలు ఎండిన రోజుల్లో జరిగిందిదంతా. కొలత జేబులో ఉంది కదా అని నెలరోజులు నేను చర్చి వైపు వెళ్ళనే లేదు. వానలకి ముందు ఒక ఉదయం బండి తోసుకుంటూ బయల్దేరాను. తారు రోడ్డు మీద వేలితో తోస్తే నడిచింది. ఒక్కణ్ణే, ఎవరి చెయ్యీ పడకుండా! మా ఆవిడ అరుగు మీద నిలబడి చూస్తోంది. అరుగు ఆవిడకే వదిలేశాను.

గట్టు దిగబోతూ ఆగిపోయాను. తాటి దుంగలు లేవు. వాటి చోట సిమెంటు తూములు, పైన కొత్త కాంక్రీటు, అటూ ఇటూ గుట్టగా పోసిన గ్రావెల్. సంఘపెద్ద గారు వెలిగిపోతున్న ముఖంతో ఎదురొచ్చారు.

"మీ కోసమేనండి! 'పెద్ద మిషనొస్తోంది, దుంగల మీద ఎలాగొస్తుందండీ' అని ఆఫీసు చుట్టూ తిరిగి వేయించేశామండి. ముందే చెపితే ఏం బాగుంటుందని చెప్పలేదండి."

పాతికేళ్ళ నా అర్జీలకి కదలనిది నా బండి పేరు చెబితే కదిలింది. ఆ తూముల కోసం ఇన్నాళ్ళూ పోరింది నేనే. వాటిని చూసి ఏడుపొచ్చిన ఏకైక మనిషినీ నేనే.

"చాలా మంచి పని చేశారండి," అన్నాను.

గ్రావెల్ మీద నాలుగడుగులు వేశానో లేదో, బండి ఒక పక్కకి ఒరిగి, అందరూ చూసేంత తీరిగ్గా పడుకుంది. బ్లేడు మీది రేకు వంగింది. మోటారుకి ఏం కాలేదు. నేను ఎత్తబోతే నలుగురు ఆడవాళ్ళు కేకలేసుకుంటూ వచ్చారు.

"వదిలెయ్యండి తాతగారూ! ఆపరేషనైన మనిషి, మీరు ముట్టుకోకండి!"

నా కడుపు సంగతి కాలవ దాటిందన్నమాట, నా బండి దాటకపోయినా. వాళ్ళే బండిని లేపి, రెండు పక్కలా తాళ్ళు కట్టి, ఒరగకుండా అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పట్టుకున్నారు. నేను వెనక నుంచి తోశాను. తోసినట్టు కనిపించాను.

"అచ్చం రథంలాగుందండి," అంది ఒకావిడ.

"మన గుళ్ళోకి రథమొస్తే అయ్యగారేమంటారో!" అంది ఇంకొకావిడ.

గుమ్మంలో ఉన్న పాస్టరు గారు విన్నారు. "రంపముంటే రానివ్వండమ్మా," అన్నారు.

కాళ్ళు దించాక మాత్రం బండి రాయిలా నిలబడింది. దూలాల్లో పాత మేకులు పీకడానికే రెండు రోజులు పట్టింది. మూడోరోజు కోత మొదలుపెడితే సంఘమంతా చుట్టూ చేరి, ప్రతి చెక్కనీ కళ్ళతో పట్టుకుంది. నేను అలవాటు కొద్దీ కళ్ళు చికిలించాను. కింద ఎవడూ లేడు. పొట్టు నేల మీద పడుతోంది.

బల్లలు పూర్తయ్యేసరికి ఇంకో ఇద్దరు రంపం తెమ్మన్నారు. ప్రతి ఇంటికీ తాళ్ళు పట్టేవాళ్ళు దొరకరు కాబట్టి బండిని మళ్ళీ వెల్డరు దగ్గరికి తోసుకెళ్ళాను. దారిలో ఒక మాట కూర్చుకున్నాను: దారులు మారాయి గనక డిజైను మార్చాలి, అని. తప్పు నాదని అందులో ఎక్కడా రాదు.

అతను ఆ అవకాశమే ఇవ్వలేదు. గోడ మేకుకి తీగతో కట్టి ఉన్న రెండు ఇరుసు ముక్కలు దించి బండి పక్కన పెట్టాడు. ఆ రోజు కోసినవే. తుప్పు పట్టకుండా నూనె కూడా రాశాడు.

"పారెయ్యలేదేం?"

"మీరొస్తారు కదండి," అన్నాడు, వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుంటూ. "అలా కూర్చోండి బాబాయ్ గారూ."

కూర్చోలేదు. చక్రం జారకుండా నేనే పట్టుకున్నాను.