గన్నక్క అసలు పేరు

నా చిన్నప్పుడు నేను ఒకామెకు పేరు పెట్టాను. పసిపిల్లకు కాదు, ముగ్గురు పిల్లల తల్లికి. తొట్టెల వేయలేదు, చుట్టాలను పిలవలేదు, నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడి పెట్టేశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు డెబ్బై దగ్గరపడ్డా ఆ సంగతి గుర్తుకొస్తే ఎవరూ లేని గదిలో కూడా తల దించుకుంటాను.

మా నాన్న గోదావరిఖనిలో బాయి మీద ఫిట్టరు. బొగ్గుగనిని మేమంతా బాయి అనే అనేవాళ్లం. పనివాళ్ల క్వార్టర్లు లైన్లు లైన్లుగా ఉండేవి, లైనుకొక నల్లా. నీళ్లొచ్చేది పూటకు రెండు గంటలు. ఆ రెండు గంటలూ మా లైనుకు పెద్దదిక్కు మూడో ఇంటి అక్క. ఆమె నోరు విప్పితే పక్క లైనులో పడుకున్న కుక్కలు లేచి కూర్చునేవి. ముసలివాళ్ల బిందెలు ముందు నింపించేది, పిల్లల బిందెలను ఎవరైనా వెనక్కి నెడితే ఊరుకునేది కాదు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గాని, అప్పుడు నా చెవికెక్కింది ఆ అరుపొక్కటే.

ఒక సాయంత్రం ఎవరూ చూడడం లేదనుకుని మా బిందెను రెండు బిందెల ముందుకు జరిపాను. “ఏయ్ పోరీ! గంత జల్దేంది నీకు? ఎనుకకు పెట్టు బిందె!” అని ఆమె అరిచిన అరుపుకు లైనంతా తిరిగి చూసింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజే బడిలో టీచరమ్మ గోడకు చార్టు తగిలించి, బెత్తంతో బొమ్మ చూపిస్తూ జి ఫర్ గన్ అని మా చేత చెప్పించింది. నేను బిందె వెనక్కి జరుపుతూ పళ్లు బిగబట్టి “ఢాం ఢాం గన్నక్క” అన్నాను. పక్కనున్న పిల్లలు పడి పడి నవ్వారు. అంతే. నెల తిరిగేసరికి లైనులో ఆడవాళ్లు, షిఫ్టు దిగి వచ్చే మగవాళ్లు, చివరికి కూరగాయల బండివాడు కూడా గన్నక్క అనే పిలిచేవారు. ఆమె కోపం తెచ్చుకోలేదు సరికదా, నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వేది. “మంచిగనే ఉన్నది తియ్. గన్ను లెక్క ఉంటెనే మీరు లైన్ల నిలవడుతరు” అనేది. నాకెంత గర్వమో! నేను పెట్టిన పేరు ఊరంతా పలుకుతోందని మురిసిపోయాను.

ఆ మరుసటి ఏడు వానల్లో ఆమె భర్త జబ్బుపడి చనిపోయాడు. ఇంటాయన డ్యూటీ పోతే క్వార్టరు కూడా ఖాళీ చేయాలి. అయితే దవాఖానలో ఆయా పని ఒకటి ఉందని, అది దొరికితే పిల్లలతో అదే ఇంట్లో ఉండవచ్చని ఎవరో చెబితే ఆమె దరఖాస్తు పెట్టుకుంది. ఆఫీసు నుంచి పిలుపు ఎప్పుడొస్తుందా అని లైనంతా ఎదురుచూసింది. నల్లా దగ్గర అదే మాట. నాకూ తెలుసు ఆ పని ఆమెకు ఎంత ముఖ్యమో. తెలియదని ఈ రోజు బుకాయించలేను.

అంగడి రోజు మధ్యాహ్నం పెద్దవాళ్లంతా సరుకులకు పోయారు. నేను గడప మీద కూర్చుని గచ్చకాయలు ఆడుతున్నాను. ఆఫీసు చప్రాసీ సైకిలు దిగి, చేతిలో కాగితం చూసి, కనకలక్ష్మి ఇల్లు ఎక్కడని అడిగాడు. నేను లైను మొత్తం మనసులో తిరిగి వచ్చాను. ఫిట్టరు ఇల్లనే మా ఇల్లు, పోచమ్మ గుడి పక్కవాళ్ల ఇల్లు, గన్నక్క ఇల్లు. “గా పేరు గలోళ్లు మా లైన్ల ఎవ్వరు లేరు” అన్నాను, అన్నీ తెలిసినదానిలా. అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఒకరి పేరు మీద ఇంకొకరు బాయి పనిలో చేరడం ఆ రోజుల్లో మా దగ్గర మామూలే. కాగితం మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. “ఏం మారుపేరో ఏమో. ఎరుకైతే చెప్పు బిడ్డ, ఎల్లుండి పొద్దుగాల పదింటికి ఆఫీసుకు రావాలె. రాకుంటె ఇంకొకలకు ఇస్తరు” అని సైకిలెక్కి పోయాడు.

ఆ సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు గిల్లుతుంటే కనకలక్ష్మి అంటే ఎవరని ఊరికే అడిగాను. “ఇంకెవలే, మీ గన్నక్కనే” అంది అమ్మ తల ఎత్తకుండా.

అప్పుడే చెప్పవలసింది. మూడు ఇళ్ల అవతలికి పరుగెత్తి ఒక్క మాట అంటే అయిపోయేది. చెబితే, లేరని ఎందుకన్నావే అని అడుగుతారు. పేరెలా పోయిందో, ఎవరు పెట్టారో అంతా బయటికొస్తుంది. పైగా ఆ నోరు! లైనంతా వినేలా నన్ను దులిపేస్తుందని భయం. పొద్దున చెబుదామనుకున్నాను. పొద్దున బడి. సాయంత్రం చెబుదామనుకున్నాను. నల్లా దగ్గర ఆమె నా బిందె తనే ఎత్తి నా నెత్తిన పెట్టింది, నేను తల వంచుకుని ఇంటికి నడిచాను. మర్నాడు పది కొట్టినప్పుడు నేను బడిలో ఎక్కాలు అప్పజెబుతూ ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయాను.

వారం తరవాత టీచరమ్మ ఇంటి వరండాలో ట్యూషనుకు కూర్చుని ఉన్నాను. టీచరమ్మ మా పక్క లైనులోనే ఉండేది, క్రిస్టియన్లు, వాళ్ల నాన్న కాలం నుంచి బాయి పనివాళ్లే. కాలనీలో అర్జీ రాయించుకోవాలంటే అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. మూడో ఇంటి అక్క వచ్చి మెట్టు మీద కూలబడింది. ఆయా పని వేరేవాళ్లకు ఇచ్చారట. పేరు పట్టుకుని మనిషిని పంపితే అలాంటి మనిషే లేదని జవాబొచ్చిందట. “నేను లేనా టీచరమ్మా? గింత మనిషిని గిక్కడ బతికి లేనా?” అంది. ఆ రోజు ఆమె అరవలేదు. టీచరమ్మ కలం తీసి పేరడిగింది. అన్నేళ్లుగా ఎరిగిన ఆమెకూ ఆ పేరు తెలియదు. “కనకలక్ష్మి” అని మెల్లగా, ఎవరిదో పేరు చెప్పినట్టు చెప్పింది అక్క. నేను పలక మీద తల వంచి రాసిందే రాసి చెరిపాను.

ఆమె వెళ్లిపోయాక టీచరమ్మ నా వైపు చాలాసేపు చూసింది. నా మొహమే చెప్పేసి ఉంటుంది. తిట్టలేదు, అడగలేదు. జి ఫర్ ఏమిటి అంది. గన్ అన్నాను. ఆ మాట ఎక్కడిదో తెలుసా అని ఒక కథ చెప్పింది. ఆరువందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒక రాజుగారి కోటలో ఆయుధాల జాబితా రాశారట. అందులో మనిషికంటే పెద్ద విల్లు ఒకటి, గోడల మీది నుంచి శత్రువుల మీదికి బాణాలు విసిరే యంత్రం. దాన్ని గున్నిల్డా దొరసాని అని ఒక ఆడమనిషి పేరుతో పిలుచుకున్నారు. ఆ పేరులోని రెండు ముక్కలకూ పాత భాషలో యుద్ధమనే అర్థమట. పిలవగా పిలవగా ఆ పేరే అరిగి గన్ అయిందని చదువుకున్నవాళ్ల అంచనా. విల్లు పోయి మందుగుండు ఫిరంగి వస్తే దాన్నీ అదే మాటతో పిలిచారు. ఫిరంగి చిన్నదై చేతిలోకి వస్తే దాన్నీ అలాగే అన్నారు. ఇప్పుడు మా నాన్న మిషన్లకు గ్రీజు కొట్టే గొట్టం కూడా గన్నే.

“గా పేరు పెట్టుకున్న ఆడోళ్లు ఎందరుండిన్రో బిడ్డా. పిల్లలకు పాలిచ్చిన్రు, పిండి విసిరిన్రు, నవ్విన్రు, ఏడ్చిన్రు. గిప్పుడు గన్ను అంటె వాళ్లల్ల ఒక్కలన్న యాదికొస్తరా?” అంది టీచరమ్మ. నేను ఏడుపు ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. ఆమె కొంగుతో నా ముక్కు తుడిచి, ఆ మాటను మీ నోట పెట్టింది నేనే కదా, ఇందులో నా పాలు కూడా ఉంది అంది. నాకు ఇంకా ఏడుపొచ్చింది. పెద్దవాళ్లు తమ మీద వేసుకుంటే పిల్లలకు భారం తగ్గుతుందనుకుంటారు, తగ్గదు. “గాని నీ మాట నేను చెప్ప. నువ్వే పోయి చెప్పాలె” అని పంపింది.

పోలేదు. రేపు, రేపు అనుకుంటూ నెలన్నర గడిపాను. అర్జీ పోయింది, ఇచ్చిన పని వెనక్కి తీసుకోలేమని జవాబొచ్చింది. ఒక ఆదివారం పొద్దున కమాన్‌పూర్ దిక్కు నుంచి ఆమె తమ్ముడు ఎడ్లబండి కట్టుకొచ్చాడు. మంచం, ట్రంకుపెట్టె, గిన్నెలు ఎక్కాయి, ముగ్గురు పిల్లలు ఎక్కారు. లైనంతా బయటికొచ్చింది.

అంతకుముందంతా మాట కూర్చుకున్నాను. కనకలక్ష్మక్కా, చప్రాసీకి లేరని చెప్పింది నేనే. పదిసార్లు లోపల అనుకున్నాను. బండి చక్రం దగ్గరికి పోయి నోరు తెరిచాను. నా నోటి నుంచి వచ్చింది “గన్నక్కా!” అనే.

“ఓ! చెప్పు బిడ్డ” అని ఆమె వెంటనే వంగి, మొహమంతా నవ్వుతో నా వైపు చూసింది. ఏం లేదన్నాను. నా తల నిమిరింది. మంచిగా చదువుకొమ్మంది. బండి కదిలింది.

తరవాత నేనూ టీచరునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా హాజరు పట్టీలో ఏ పిల్ల పేరునూ కుదించి పిలవలేదు. నా క్లాసులో చార్టు మీద గన్ బొమ్మ ఉంటే దాని మీద జి ఫర్ గోట్ అని మేక బొమ్మ అంటించాను. ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి గాని, వీటివల్ల కనకలక్ష్మి అక్కకు తన ఇల్లు తిరిగి రాలేదు. పిల్లల్ని పెట్టుకుని ఎన్ని చేలలో కూలి చేసిందో, ఎలా బతికిందో నేను ఎప్పుడూ వెళ్లి అడగలేదు కూడా. నాతో మిగిలింది ఆ ఒక్క పలుకు. తన కూడు పోగొట్టిన పేరుతో నేను పిలిస్తే, ఆ పేరు పెట్టింది ఎవరో, కూడు పోగొట్టింది ఎవరో తెలియక, ఆమె ఎంతో ప్రేమగా ఓ అని పలికింది.