బాపు చొక్కా

మహబూబాబాద్‌లో నేను పనిచేసే బ్యూటీ పార్లర్‌లో, ఎండకు కమిలిన నలుపును ట్యాన్ అంటాం. నిన్న ఒకామె చేతులకు పూత రాస్తుంటే మోచేతి పైన తెలుపూ నలుపూ కలిసే గీత కనిపించింది. అచ్చం అలాంటి గీతే మా అమ్మ చేతులకు ఉండేది.

మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, షుగర్‌తో పోయాడు. ముందు కాలివేళ్లు నల్లబడ్డాయి, తర్వాత ఆ నలుపు పైకి పాకింది. ఆ ఏడాదే అమ్మ కురవి దగ్గర మిరపకాయలు ఏరే కూలికి పోసాగింది. మిగతా ఆడవాళ్లు ఎండ తగలకుండా చీర మీద తమ మగవాళ్ల పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కునేవారు. అమ్మ తొడుక్కునేది కాదు. ఆమె చేతులు రోజురోజుకూ నల్లబడుతుంటే చిన్నపిల్లనైన నాకు భయమేసేది. ఆ నలుపు భుజం దాకా పాకితే అమ్మ కూడా పోతుందనుకున్నాను.

ఒకరోజు ఇల్లంతా వెతికితే పెట్టె అడుగున బాపు చొక్కా దొరికింది. మాసిపోయి, చెమట వాసన కొడుతోంది. సబ్బు అరిగిపోయేదాకా రుద్ది, ఉతికి ఆరేశాను.

సాయంత్రం చేను నుంచి వచ్చిన అమ్మ దండెం దగ్గరే ఆగిపోయింది. చొక్కాను ముఖానికి అదుముకుని, మళ్లీ మళ్లీ వాసన చూసింది.

"గిదెందుకు పిండినవ్ బిడ్డా?"

"నీ చేతులు నల్లగైతున్నయమ్మా. బాపు లెక్క నువ్వు గూడ పోతవేమోనని."

అమ్మ నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నా మీద ప్రేమతోనే అనుకున్నాను.

తెల్లారి ఆ చొక్కా తొడుక్కుని చేనుకు పోయింది. దాచుకోవడానికి అందులో ఇక ఏమీ మిగల్లేదు.