ఒంటె బొమ్మ బండి

ఆయన్ని అందరూ పిల్లలాయన అంటారు. ఆయనకున్నది ఒక్క కూతురే. ఆ పేరు వచ్చింది కోడిపిల్లల వల్ల. హ్యాచరీలో ఆ రోజే గుడ్డు చీల్చుకుని బయటికొచ్చిన పిల్లల్ని చిల్లుల అట్టపెట్టెల్లో సర్దించి, పికప్ బండి వెనక పేర్పించి, దూరాన ఉన్న ఫారాలకు చేర్చడం ఆయన పని. సిమెంటు తోలేవాడు దారిలో ఆగి కునుకు తీయొచ్చు. ఇటుకలు తోలేవాడు తీరిగ్గా కబుర్లు చెప్పుకోవచ్చు. పిల్లలాయనకు ఆ భాగ్యం లేదు. బండి కదులుతున్నంత సేపే పెట్టెల సందుల్లో గాలి ఆడుతుంది. ఆగిందంటే, ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్న ఆ పసికూనల వేడి వాటికే ఉరితాడు. అందుకని ఆయన టీ తాగితే బయల్దేరే ముందు తాగాలి, లేదా ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడు తాగాలి.

బండి నడుపుతున్నప్పుడు ఆయన చెవి ఎప్పుడూ వెనకే ఉంటుంది. పిల్లలు హాయిగా ఉంటే సన్నగా, ఎడతెగకుండా కిచకిచమంటాయి. ఉక్కపోస్తే గోల హెచ్చుతుంది. ఆ గోల ఉన్నట్టుండి తగ్గిందంటే మాత్రం ఆయన గుండెలో రాయి పడుతుంది, ఎందుకంటే అది నిద్ర కాదు.

ఆయన బండి ముందు ఒంటె బొమ్మ ఉంటుంది. ఆ కంపెనీ గుర్తు అది. ఊళ్ళో ఒంటె బండ్లకు పేరుపడ్డ మెకానిక్ ఆయన మామగారు. పిల్లలాయన కుర్రతనంలో ఆ షెడ్డులోనే పనికి చేరాడు. స్పానరు పట్టుకోవడం, స్టీరింగు పట్టుకోవడం రెండూ అక్కడే నేర్చాడు గానీ మొదటిది ఒంటబట్టలేదు. "ఒరేయ్, నీకు బండి నడపడమే గానీ బాగుచేయడం రాసిపెట్టి లేదు" అని మామగారే తేల్చేశాడు. ఆ తర్వాత కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు, యాక్సిడెంటులో నుజ్జయిన ఒంటెనొకదాన్ని కొని నట్టు నట్టూ విప్పి మళ్ళీ నిలబెట్టి అల్లుడి చేతికి తాళాలిచ్చాడు. ఆ రోజు నుంచి ఒరేయ్ పోయి అల్లుడూ వచ్చింది. అన్నేళ్ళలో ఆ బండి మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. పడనిస్తే మామగారు ఊరుకునేవాడూ కాదు.

అటువంటి ఒంటె ఏడాదిగా మొరాయిస్తోంది. ఓసారి బ్యాటరీ వైరు ఊడింది. ఇంకోసారి బెల్టు జారింది. మరోసారి డీజిలు పైపు కారింది. బండి షెడ్డుకు చేరిన ప్రతిసారీ మామగారు బానెట్ మీద ముసలి గేదెను నిమిరినట్టు నిమిరి, "దీనికి వయసొచ్చింది అల్లుడూ, కాస్త ఓపిక పట్టాలి" అనేవాడు. పిల్లలాయన ఓపిక పట్టేవాడు. ఎండలో ఆగిపోయినప్పుడు పెట్టెలన్నీ ఒక్కొక్కటే దింపి నీడకు చేర్చి, అట్టముక్కతో విసిరేవాడు. రోడ్డు పక్కన కూర్చుని అట్టపెట్టెలకు విసురుతున్న మనిషిని చూసి పోయేవాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

ఆ వేసవిలో ఒకనాడు నీడ దొరకలేదు. కనుచూపు మేర ఒక్క చెట్టు లేని రోడ్డు మీద ఇంజను ఉడికిపోయి ఆగింది. ఎన్ని పెట్టెలకని విసురుతాడు. ముందు పెట్టెల దగ్గరికి పోతే వెనక పెట్టెలు సద్దుమణిగాయి, వెనక్కి వస్తే ముందువి. సాయం వచ్చేసరికి సగానికి పైగా పెట్టెలు చప్పుడు చేయడం మానేశాయి. ఆయన వాటిని అలాగే వెనక్కి తెచ్చి హ్యాచరీ వాకిట్లో దింపాడు.

హ్యాచరీ మేడమ్ నోరున్న మనిషి కాదు. ఒక పెట్టె మూత తీసి చూసింది, మూసేసింది.

"మీరు మంచివాళ్ళే. కానీ మీ బండి నాకు పనికిరాదు" అంది. "కొన్నాళ్ళు చూస్తాను, వేరే బండి తెచ్చుకోండి. ఒంటె వద్దు. లేకపోతే నేను వేరే మనిషిని చూసుకుంటాను."

పిల్లలాయనకు వేరే పని తెలీదు. అక్కణ్ణుంచి మొదలయ్యాయి ఆయన తిప్పలు.

ఏ బండి కొనాలని నలుగుర్ని అడగడమంత బుద్ధితక్కువ పని లోకంలో ఇంకోటి లేదు. టీకొట్టు దగ్గర అడిగాడు. పాలవ్యాను అతను డేగ బొమ్మ బండి కొనమన్నాడు. తనది డేగేనా అంటే కాదు, ఒంటె. డేగ ఉన్న కూరగాయలాయన తల బాదుకుని, "దీన్ని కొన్నాక మెకానిక్కు నాకు చుట్టమైపోయాడు, ఒంటెను వదలకయ్యా" అన్నాడు. ఎవడి బండి వాడికి దయ్యం, పక్కవాడి బండి దేవత. టీ పోసే మనిషికి సైకిలు కూడా లేదు, అయినా గంటసేపు ఇంజన్ల గురించి ఉపన్యాసం ఇచ్చాడు. డేగ షోరూము కుర్రాడైతే అరచేతిలో వైకుంఠం చూపించాడు. "సార్, ఇది ఆగదు సార్. ఆగమన్నా ఆగదు." బ్రేకుల సంగతేమిటని అడగాలనిపించింది గానీ నవ్వే ఓపిక లేక పిల్లలాయన ఊరుకున్నాడు.

ఇలా తల వాచిపోయి ఉండగా, ఒకరోజు ఖాళీ బండితో తిరిగొస్తుంటే ఒంటె మళ్ళీ ఆవిర్లు కక్కింది. అక్కడికి కాస్త దూరంలోనే ఒక రోడ్డుపక్క మెకానిక్ ఉన్నాడు. మామగారికి తెలిస్తే బాధపడతాడని సంకోచిస్తూనే పిలుచుకొచ్చాడు. ఆ మెకానిక్ వంగి చూశాడు, రేడియేటరు పైపు క్లిప్పును రెండు వేళ్ళతో పట్టి గుండ్రంగా తిప్పాడు. అది ఉంగరంలా తిరిగింది.

"ఎవరండీ బిగించింది?"

"మా మామగారు. మొన్ననే."

"క్లిప్పు కొత్తది, పైపు కొత్తది. బిగింపే లేదు" అని అతను ఇంకో రెండు చోట్ల స్పానరు పెట్టి చూశాడు. "ఇదీ అంతే. ఇదీ అంతే. బండికేం రోగం లేదండీ. ఇంకా పదేళ్ళు పరిగెడుతుంది."

మంచి మాటే. వినగానే పిల్లలాయన రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. ఏడాదిగా కళ్ళెదుట ఉన్నవన్నీ ఒక్కసారి కనబడ్డాయి. మామగారి షెడ్డు గోడ మీద ఏ స్పానరు ఎక్కడ తగిలించాలో దాని ఆకారం రంగుతో గీసి ఉంటుంది. ఒకప్పుడు ఒక్క ఆకారమూ ఖాళీగా ఉండేది కాదు. ఇప్పుడు ఆకారాలన్నీ ఖాళీ, స్పానర్లన్నీ కింద గోనెపట్టా మీద ఉంటున్నాయి. మేకుకు తగిలించడానికి చెయ్యి ఒక్కచోట నిలవాలి కదా. ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే చలికేమో అనుకున్నాడు తను. వేసవిలో కూడా అలాగే అనుకున్నాడు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను ఆపలేదు.

"నాకు తెలుసు" అంది. "పోయినేడే నాన్న చొక్కాలన్నీ తెచ్చి గుండీలు తీసేసి ప్రెస్ బటన్లు కుట్టమన్నాడు. ఫ్యాషనమ్మా అన్నాడు."

"మరి నాకు చెప్పలేదే?"

"చెబితే మీరేం చేస్తారు? బండి వేరే షెడ్డుకు తీసుకెళ్తారు. ఆయన చేతిలో ఇంకా పని ఉందనుకోవడానికి మిగిలిందల్లా మీ బండొక్కటే. మిగతావాళ్ళు ఎప్పుడో మానేశారు." అప్పుడు మిషను ఆగింది. "ఇన్ని పిల్లలు పోతాయనుకోలేదండీ."

"నువ్వు చెప్పు ఆయనకి. కూతురివి."

"బండి మీది. మీరు చెప్పండి."

ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా చాలా రోజులు అటూ ఇటూ తిరిగింది. పిల్లలాయన చెబుదామనే షెడ్డుకు వెళ్ళేవాడు. మామగారు బానెట్ కిందనుంచి తలెత్తి నవ్వేవాడు. అంతే, వచ్చిన పని వదిలేసి టీ తెప్పించేవాడు. స్పానరు పట్టుకోవడం తనకు నేర్పిన మనిషికి, మీకిక స్పానరు పట్టుకోవడం చేతకాదని ఏ నోటితో చెబుతాడు.

చివరికి దారి చూపించింది డేగ షోరూము కుర్రాడే. "గ్యారంటీ ఉన్నన్నాళ్ళూ మా సర్వీసుకే రావాలి సార్. బయటివాళ్ళ చెయ్యి పడితే గ్యారంటీ పోతుంది." అతను దాన్ని లోపంలా గొణిగాడు. పిల్లలాయనకు వరంలా వినిపించింది. వద్దని తను చెప్పక్కర్లేదు, కంపెనీయే చెబుతుంది. డేగ మంచిదా ఒంటె మంచిదా అన్న లెక్క ఆ క్షణంతో సరి. ఒంటెలో ఏ లోపమూ లేదని ఊరందరిలోకీ తనకే బాగా తెలుసు. అయినా మార్చాడు. మామగారిని మార్చలేక బండిని మార్చాడు.

ఆ మాటా, గ్యారంటీ సంగతీ చెప్పిన రోజు మామగారు చేతులు గుడ్డలో చుట్టుకుని విన్నాడు.

"బండి మారిస్తే బాగుపడుతుందంటావా అల్లుడూ?"

"హ్యాచరీ మేడమ్ ఒంటె వద్దన్నారు మామయ్యా."

"ఆవిడకేం తెలుసు." చేతుల చుట్టూ గుడ్డ సర్దుకుని, "పోనీలే. నీ పొట్టకూటి సంగతి" అన్నాడు.

ఒంటెను షోరూముకు అప్పగించే రోజు మామగారు దానికి తనే నీళ్ళుకొట్టి కడిగాడు. ముందున్న బొమ్మను గుడ్డతో పదే పదే తుడిచాడు. పిల్లలాయన అటు చూడలేక టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించాడు.

డేగ బాగానే నడిచింది. నడవక చస్తుందా, కొత్తది. వెనక కిచకిచలు ఆగకుండా వినిపిస్తుంటే పిల్లలాయనకు ప్రాణం లేచొచ్చేది. కానీ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామగారు పక్కనే ఉన్న తన ఖాళీ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. డేగ వాకిట్లో ఆగగానే లేచొచ్చేవాడు. దాని చుట్టూ తిరిగేవాడు, వంగి కిందకు చూసేవాడు, ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గేవాడు. ముట్టుకునేవాడు కాదు. పరాయివాళ్ళ బిడ్డను ఎత్తుకోవాలని ఉండి అడగలేని మనిషిలా ఉండేవాడు. పిల్లలాయనకు ఆ చూపు పడేది కాదు, గబగబా తాళం వేసి లోపలికి పోయేవాడు.

ఒకనాడు తెల్లవారుజామున పిల్లలాయన తాళాలకోసం చూస్తే మేకుకు లేవు. బయటికొస్తే డేగ బానెట్ ఎత్తి ఉంది. మామగారు చేతులు తుడుచుకుంటున్నాడు. మొహం కడిగిన పలకలా ఉంది. ఈ మధ్య ఆయన అలా కనబడింది లేదు.

"కంపెనీవాళ్ళ బిగింపు నాకెందుకో మనసుకెక్కలేదు అల్లుడూ. ఆయిలు చూశాను. క్లిప్పులూ నట్లూ అన్నీ ఒకసారి విప్పి బిగించాను. ఇక నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా."

"మామయ్యా, బయటివాళ్ళ చెయ్యి పడకూడదన్నారు కదా."

"నేను బయటివాణ్ణా?"

పిల్లలాయన గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆవిడ నేల చూస్తోంది. మామగారే బానెట్ దించి దాని మీద రెండుసార్లు తట్టాడు. హ్యాచరీలో పెట్టెలు సిద్ధమై ఉంటాయి. పిల్లలాయన ఎక్కి కూర్చుని పోనిచ్చాడు.

వీధి మలుపు తిరిగాక, ఇల్లు కనబడదని నమ్మకం కుదిరాక, ఆపాడు. సీటు కింద స్పానరు తీసుకుని బానెట్ ఎత్తాడు. పైపు క్లిప్పు పట్టి చూశాడు. ఉంగరంలా తిరిగింది. బిగించాడు. బ్యాటరీ వైరు వేలితో కదిపితే కదిలింది. అదీ బిగించాడు. ఆయిలు పోసే చోట మూతే లేదు, ఇంజను మీద నల్లగా చిమ్మి ఉంది. ఇంకా వేటిని విప్పాడో, ఏది ఎంత వదులుగా ఉందో తెలీదు. అవి తెలిసేంత పని తనకు ఒంటబట్టి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. రోడ్డు మీద, ఎండలో, ఏ నట్టు ఎప్పుడు ఊడుతుందో.

"అల్లుడూ" అని వెనకనుంచి వినిపించింది.

మామగారు ఆయాసపడుతూ వస్తున్నాడు. చేతిలో ఆయిలు మూత ఉంది. "మర్చిపోయాను, బల్ల మీదే..." అంటూ దగ్గరికొచ్చి ఆగాడు. ఎత్తి ఉన్న బానెట్‌ను చూశాడు. అల్లుడి చేతిలో స్పానరును చూశాడు. అది ఏ క్లిప్పు మీద ఉందో కూడా చూశాడు.

మూత పెట్టబోయాడు. అది అంచుకు తగిలి టకటకమని కొట్టుకుంది. రెండోసారి కూడా అంతే. అప్పుడు దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు. పిల్లలాయన మూత తిప్పి బిగించాడు, మామగారి మొహం చూడకుండా.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఒంటె ఉన్నప్పటినుంచి మామయ్యా."

మామగారు తల ఊపాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకుని రోడ్డు వైపు చూశాడు.

"మరి దాన్నెందుకమ్మేశావు అల్లుడూ? అదేం చేసింది?"

పిల్లలాయన స్పానరు తుడిచాడు. సీటు కింద పెట్టాడు. బానెట్ దించాడు. మామగారు జవాబు కోసం అక్కడే నిలబడి ఉన్నాడు. హ్యాచరీనుంచి ఫోను మోగుతోంది. ఎక్కి తాళం తిప్పితే, బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది.