తాండ్ర నాది, కార్డు ఆయనది

మామిడి తాండ్ర తీయడంలో కోటబొమ్మాళి చుట్టుపక్కల నాకు మంచి పేరుండేది. పేరంటే నోటిమాటే. నా తాండ్ర ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ కావాలని బస్టాండులో గంపలవాళ్ళను అడిగేవారట. వాళ్ళు తమ గంపలో ఉన్నదే చూపించి "ఇది అదేనండీ" అని అమ్మేసేవారు. మనం ఎవరమో, ఏ ఊళ్ళో ఉంటామో తెలిపే ముక్క ఒకటి కొనేవాళ్ళ చేతిలో పెట్టకపోతే, మన కష్టం ఇలాగే ఎవరి గంపలోనో కూర్చుంటుంది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

అరవైల చివర్లో ఒక వేసవిలో, విజయనగరంలో మిఠాయి కొట్టున్న షావుకారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో పెళ్ళిలో నా తాండ్ర తిన్నాడట.

"ఏటేటా నీ దగ్గరే కొంటానమ్మా. నీ కార్డొకటి ఇయ్యి" అన్నాడు.

"కార్డంటే ఏటి బాబూ?"

ఆయన జేబులోంచి నున్నటి అట్టముక్క తీసి చూపించాడు. "ఇలాటిది. తాండ్ర సేసేవోళ్ళు పదిమందున్నారు, ఎవులు ఎవులో నాకేటి గుర్తుంటాది? పేరూ ఊరూ అచ్చేయించి పోస్టులో పంపు. నా మనిషొస్తాడు."

ఏటేటా కొనే షావుకారు దొరికితే ఎండలో గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే బాధ తప్పుతుంది. ఆ కార్డు మీదే నా ఆశంతా.

ఇంట్లో చెప్పగానే మా అత్త నా మీదికి లేచింది. "ఒసే, నీ పేరు అచ్చేసి మొగోళ్ళ జేబుల్లో తిప్పుతావేటే?"

"నేను సేసిన తాండ్ర ఆళ్ళ నోట్లో తిరగొచ్చు గానీ, నా పేరు జేబులో తిరక్కూడదేటత్తా?"

"తాండ్రకి సిగ్గుంటాదేటే!"

మర్నాడు మా ఆయనా నేనూ శ్రీకాకుళంలో ప్రెస్సుకి వెళ్ళాం. ప్రెస్సాయన పెన్సిలు తీసి ప్రొప్రయిటరు పేరు చెప్పమన్నాడు. నా పేరు చెప్పాను. ఆయన నన్ను వదిలేసి మా ఆయన వైపు చూసి నవ్వాడు.

"ఆడమనిషి పేరు బాగోదమ్మా. మీ ఆయన పేరు సెప్పు."

మొగుడి పేరు పెళ్ళాం పలకకూడదని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. నా పేరు పనికిరాదు, ఆయన పేరు నేను అనకూడదు. ఇంక నేను ఏం మాట్లాడను? నేను నీళ్ళు నములుతూ ఉండగానే మా ఆయన తన పేరు చెప్పేశాడు. ప్రెస్సాయన అదే అచ్చుకి పెట్టాడు. అప్పటికి నాకు అక్షరాలు రావు. కానీ అందులో నేను లేనని తెలియడానికి అక్షరాలెందుకు?

కార్డు పోస్టులో వెళ్ళింది. కొద్దిరోజులకి షావుకారి మనిషి వచ్చాడు. నేను వాకిట్లో తాటాకు చాపల మీద మామిడి రసం పొర పోస్తున్నాను.

"ప్రొప్రయిటరు గారేరీ?"

"నేనే బాబూ, కూకో."

అతను కార్డు చూసుకున్నాడు. "ఇందులో మొగమనిషి పేరున్నాది. ఆయన్ని పిలు."

పొలానికి ఎరువు తోలుతున్న మా ఆయన చేతులు కడుక్కుని వచ్చాడు. శుక్రవారానికి సరుకు కావాలన్నాడు అతను. మా ఆయన చాపల వైపైనా చూడకుండా "అలాగేలెండి" అనేశాడు.

"బావా! పై పొరలు ఇంకా ఆర్లేదు. ఇప్పుడు కోస్తే బూజడతాది!" అని అరిచాను.

"మొగోళ్ళం మాటాడుకుంటంటే మద్దిన ఈవిడేటండీ?" అన్నాడు అతను. నా వాకిట్లో నిలబడి, నా తాండ్ర గురించి, నన్ను!

అతను వెళ్ళాక నేను చేతులు కడిగేసుకున్నాను. "కార్డు మీద ఎవులి పేరుంటే ఆళ్ళే సేస్తారు" అని లోపలికి వెళ్ళి కూర్చున్నాను. మా అత్త తిట్టిన తిట్లు వీధంతా విన్నది. నేను కదలలేదు. పాపం మా ఆయన తువ్వాలు నడుముకి బిగించి రసం పోశాడు. పలచగా పరవాల్సింది గరిటెలకొద్దీ కుమ్మరించాడు. సాయంత్రానికి అది ఆరలేదు సరికదా, ఈగలు ముసిరాయి.

"నాకేటి తెలుస్తాదే దీని సంగతి?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడి.

"మరి ఆ మనిషికి తెలుసన్నట్టు ఎలాగ సెప్పినావు?"

మర్నాడు తెల్లారగానే ఆయన బస్సెక్కి విజయనగరం వెళ్ళాడు. శుక్రవారానికి కాదని, తాండ్ర తీసేది తన పెళ్ళామని కొట్లో అందరిముందూ చెప్పాడట. షావుకారు మండిపడ్డాడట. "నాకు కావాల్సింది తాండ్ర సేసే మనిషయ్యా. నీ పేరుతో నాకేటి పని?" అని, ఆరిన తరవాతే పంపమన్నాడట.

ఆరిన తరవాతే పంపాను. ఆ సరుకు వెళ్ళిన వారమే మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళాం. ఈసారి మా ఆయన బయటే నిలబడ్డాడు. నేను నా పేరు, ఊరు చెప్పాను.

"బాగోదమ్మా..." అని మళ్ళీ అదే పాట మొదలెట్టాడు ప్రెస్సాయన.

"బాగోకపోతే నువ్వు తినకు. అచ్చెయ్యి" అన్నాను.